వెలి - విచారణ: ‘స్వీయ చరిత్రము’లో నాయకుడి ఒంటరితనం

నాయకుడి ఒంటరితనం గురించి మనవాళ్లు రాసినంత సులువుగా మరి దేన్ని గురించీ రాయరు. ఏ సంస్మరణ సంచిక తెరిచినా ఆ మాట పలకరిస్తుంది. శిఖరం ఒంటరిది, మర్రిమాను ఒంటరిది, కనక మహనీయుడూ ఒంటరివాడేనట. చదవడానికి బాగానే ఉంటుంది. కాని కొండకు కులం లేదు, చెట్టుకు వర్గం లేదు. మనిషికి రెండూ ఉన్నాయి. ఒక మనిషి ఒంటరివాడయ్యాడని అన్నప్పుడు, అతన్ని ఒంటరిని చేసినవాళ్లెవరు, ఏ సాధనాలతో చేశారు, ఆ ఒంటరితనం బరువు చివరికి ఎవరి నెత్తిన పడింది అని అడగాలి. అడగకుండా ఉపమానంతో సరిపెడితే అది విమర్శ కాదు, దండ వెయ్యడం.

దీనికి జోడీగా మరొక అలవాటు కూడా మనలో పాతుకుపోయింది. నాయకుణ్ణి ప్రశ్నించడమంటే శత్రువు చేతికి కత్తి అందించడమేనని అనుకోవడం. అభ్యుదయ సాహిత్యోద్యమంలో ఉన్నాం గనక మనకీ జబ్బు అంటలేదని నేననుకోను. నాయకుడి ఒంటరితనానికి కన్నీళ్లు కార్చేవాళ్లే, ఆయన్ని ప్రశ్నించినవాణ్ణి ఒంటరిని చేస్తారు. ఈ రెండలవాట్లకూ మూలం ఒకటే. నాయకత్వాన్ని సామాజిక సంబంధంగా కాక, పుట్టుకతో వచ్చిన వ్యక్తి గుణంగా చూడటం.

ఈ విషయాన్ని గాలిలో చర్చించి ప్రయోజనం లేదు కనక ఒక పుస్తకాన్ని ముందు పెట్టుకుంటాను. అది కందుకూరి వీరేశలింగం (1848-1919) ‘స్వీయ చరిత్రము’. మొదటి భాగం 1911లోనూ, రెండవ భాగం 1915లోనూ వెలువడ్డాయి. తెలుగు వచనంలో ఆత్మకథకు బాట వేసిన పుస్తకంగా దీన్ని సాహిత్య చరిత్రకారులందరూ పేర్కొంటారు. విద్యార్థులు పరీక్షకు రెండు వాక్యాలు రాసి వదిలేస్తారు. కాని నాయకుడిగా నిలబడ్డ మనిషిని సంఘం ఎట్లా చూస్తుంది, ఆ మనిషి తన్ను తాను ఎట్లా చూసుకుంటాడు అనేది తెలియాలంటే ఇంతకంటే మంచి పుస్తకం మన భాషలో అరుదు. ఆయన చెప్పిన సంగతులతోపాటు, ఆయన చెప్పిన తీరు కూడా మనకు సాక్ష్యమే.

ముందు సంగతులు చూద్దాం. 1874లో ఆయన ధవళేశ్వరంలో బాలికా పాఠశాల పెట్టాడు. అదే సంవత్సరం ‘వివేకవర్ధని’ పత్రిక ప్రారంభించాడు. 1879లో రాజమండ్రిలో వితంతు వివాహాన్ని సమర్థిస్తూ ఉపన్యసించాడు. 1881 డిసెంబరు 11న ఆ పట్నంలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఉపన్యాసానికీ పెళ్లికీ మధ్య రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో ఆయనను తిట్టినవాళ్లున్నారు, శాస్త్ర చర్చకు పిలిచినవాళ్లున్నారు. కాని అసలు వెలి మొదలైంది పెళ్లితోనే. ఇది గమనించవలసిన విషయం. మాటను మన సంఘం భరించగలదు. మాటకు మాట అప్పజెప్పి ఊరుకుంటుంది. మాట కార్యమైన రోజునే దాని కోరలు బయటపడతాయి.

ఆ కోరలు ఎట్లాంటివి? వెలి అంటే ఏదో మానసికమైన బాధ అని ఈనాటి పాఠకుడు అనుకుంటాడు. వీరేశలింగం కాలంలో వెలి అంటే సేవల నిలుపుదల. ఇంటికి పురోహితుడు రాడు. వంటమనిషి మానేస్తుంది. నీళ్లు మోసేవాడు గడప తొక్కడు. ఇంట్లో పెళ్లయితే భోజనానికి ఎవరూ రారు. తద్దినానికి భోక్తలు దొరకరు. చావు వస్తే మొయ్యడానికి నలుగురుండరు. కులమనేది ఒక నమ్మకం మాత్రమే కాదు, అది పని పంపకం. అందుకే దాని శిక్ష కూడా పని రూపంలోనే పడుతుంది. పీఠాధిపతుల శ్రీముఖాలూ, పెద్దల తీర్మానాలూ పైకి కనిపించే భాగం. లోపల జరిగేది, ఒక కుటుంబాన్ని పదిమంది చేతుల నుంచి విడదియ్యడం. పెళ్లికి వెళ్లినవాళ్లను కూడా వెలివేశారు. వారిలో చాలామంది ప్రాయశ్చిత్తాలు చేసుకుని మళ్లీ కులంలో కలిశారు. వాళ్లను పిరికివాళ్లని నిందించడం తేలిక. పెళ్లికెదిగిన కూతురు ఇంట్లో ఉన్న గుమాస్తాకి ప్రాయశ్చిత్తం తప్ప మరో దారి చూపించగల సంస్థ ఆనాడు లేదు. వీరేశలింగం ఒంటరితనంలో సగం ఇక్కడుంది. ఆయన వెంట రాగలిగినవాళ్లను నిలబెట్టుకునే వ్యవస్థ ఆయన చేతిలో లేదు.

మిగతా సగం ఎక్కడుంది? ఆయన ఎవరిని వెంట తీసుకున్నాడు అన్న ప్రశ్నలో ఉంది. ఆయన పక్షాన నిలిచినవాళ్లు విద్యార్థులు, కొద్దిమంది ఉపాధ్యాయులు, ఉద్యోగులు. డబ్బుతో ఆదుకున్నవాడు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. ఆయన స్వయంగా రాజమండ్రి కళాశాలలో తెలుగు పండితుడు, అంటే సర్కారు జీతగాడు. ఈ బలగంలో రైతు లేడు, చేతివృత్తివాడు లేడు, కూలివాడు లేడు. ఎందుకు లేరు? ఇది వీరేశలింగం గుణదోషాలతో తేలే ప్రశ్న కాదు. శ్రమజీవుల కులాల్లో చాలావాటిలో మారుమనువు అప్పటికే ఆచారంగా ఉంది. భర్త పోయిన ఆడది మళ్లీ మనువాడటం వాళ్లకు విప్లవం కాదు, బతుకు తెరువు. వితంతు సమస్య ప్రధానంగా పై కులాల సమస్య. ఆ కులాల్లోని సంస్కర్త ఆ కులాల్లోని పెద్దలతోనే పోరాడాడు. మిగతా ప్రజానీకం ఆ పోరాటాన్ని గట్టు మీద నిలబడి చూసింది. చూస్తూ నిలబడినందుకు వాళ్లను తప్పుపట్టలేం. వాళ్ల ఆకలి గురించీ అంటరానితనం గురించీ ఆనాటి సభల్లో ఎంత మాట్లాడారు గనక? సమస్యకున్న సామాజిక పరిధి ఎంతో, నాయకుడి చుట్టూ చేరే జనం కూడా అంతే. కాబట్టి వీరేశలింగం ఒంటరితనం శిఖరం ఒంటరితనం కాదు. అది ఒక ఉద్యమం పునాది ఇరుకుతనం.

ఈ మాట అన్నందువల్ల ఆయన తెగువ వీసమెత్తు తగ్గదు. దాదాపు 40 వితంతు వివాహాలు చేయించి, ఆ జంటలకు నీడా, బతుకు తెరువూ వెతికే భారం కూడా మోసి, తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసిచ్చిన మనిషి ఆయన. పునాది ఇరుకైనప్పుడు నిలబడ్డవాడికి ధైర్యం మరింత కావాలి. కాని ధైర్యాన్ని మెచ్చుకోవడం వేరు, ఇరుకును కప్పిపుచ్చడం వేరు.

ఇక ఆ ఒంటరితనం బరువు ఎవరి మీద పడింది? ఈ జవాబు పుస్తకంలోనే ఉంది, అయితే చదివేవాళ్ల కన్ను దాని మీద నిలవదు. వంటవాళ్లూ నీళ్లవాళ్లూ మానేసినప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్లు మోసింది. పెళ్లివారికీ, ఇంట చేరిన వితంతువులకూ వండి పెట్టింది. ఈ సంగతిని మనం ‘సహధర్మచారిణి త్యాగం’ అనే శీర్షిక కింద వేసి ముందుకు పోతాం. నేను ఉన్నత పాఠశాలలో ఈ ఘట్టం చెబుతున్నప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి అడిగింది: “మాస్టారూ, ఆయన వెంట అంతమంది శిష్యులున్నారు గదా, వాళ్లు రెండు బిందెలు మొయ్యలేదా?” తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అది అచ్చమైన విమర్శ. శిష్యులు మోశారా లేదా అన్న లెక్కతో అది ఆగదు. నీళ్లు మొయ్యడం ఉద్యమ కార్యమా, ఇంటి పనా? ఉపన్యాసం ఇచ్చినవాడిది నాయకత్వమైతే, ఆ ఉపన్యాసానికి పడ్డ శిక్షను రోజూ తెల్లవారుజామున గోదావరి మెట్లు దిగి అనుభవించినామెది ఏమిటి?

సంఘం నాయకుణ్ణి వెలివేసింది. ఆ వెలిని పని కింద మార్చి ఇంటి ఆడమనిషి నెత్తిన పెట్టింది. నాయకుడి ఒంటరితనానికి సాక్ష్యంగా రెండు సంపుటాలున్నాయి. అందులో ఆమె ఆయన కంటితోనే కనబడుతుంది. 1910లో ఆమె పోయింది, మొదటి సంపుటం అచ్చయి రావడానికి ముందే. ఆత్మకథ రాసుకోవడానికి తీరిక, అలవాటు, అచ్చు యంత్రం ఉన్నవాడి ఒంటరితనమే మనకు చరిత్రగా మిగిలింది. కనక నాయకుడి ఏకాంతాన్ని వర్ణించే ప్రతి రచనలోనూ, ఆ ఏకాంతానికి కాపలా కాసిందెవరు, వంట చేసిందెవరు అని వెతకడం పాఠకుడి హక్కు.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. అది నాయకుడి మీద పడే చూపు. వీరేశలింగం విషయంలో ఇక్కడొక విచిత్రమైన న్యాయం ఉంది. రాజమండ్రికి చూపు నేర్పిన మనిషే ఆయన. ‘వివేకవర్ధని’ పుట్టేదాకా లంచం తినే ఉద్యోగిని గురించీ, కక్షిదారుల్ని పిండే వకీలును గురించీ జనం అరుగుల మీద గుసగుసలాడుకునేవాళ్లు. ఆ గుసగుసను ఆయన అచ్చులోకి తెచ్చాడు. ‘వ్యవహార ధర్మబోధిని’లో ప్లీడర్ల బండారాన్ని నాటకంగా కట్టాడు. కొక్కొండ వేంకటరత్నం పంతులు ‘హాస్య వర్ధని’తో ఎదుర్కొంటే ఈయన ‘హాస్య సంజీవని’తో బదులిచ్చాడు. పదవిలో ఉన్నవాడి నడవడి బజారు విషయమేనన్న సూత్రాన్ని మనకు పత్రికాముఖంగా నేర్పినవాళ్లలో ఆయన అగ్రగణ్యుడు. అట్లాంటప్పుడు అదే చూపు తన ఇంటివైపు తిరిగితే ఆశ్చర్యపడవలసింది లేదు. తూచేవాడు తూకానికి నిలబడాలి.

అయితే తూకాలన్నీ ఒకటి కావు. నాయకుడి మీద పడే చూపులో రెండు రకాలున్నాయి. ఒకటి నిఘా, రెండోది విచారణ. నిఘా అడిగేది: ఎవరింట తిన్నాడు? ఎవరిని ముట్టుకున్నాడు? జందెం ఉందా, తీసేశాడా? ఇది కులం కన్ను. మనిషిని మళ్లీ దొడ్లో కట్టెయ్యడం దాని పని. విచారణ అడిగేది: చెప్పింది చేశావా? నలుగురి సొమ్ము ఎట్లా ఖర్చుపెట్టావు? నీ నిర్ణయానికి నష్టపోయినవాళ్లను ఏం చేశావు? ఇది ప్రజల కన్ను. మనిషిని తన మాటకు కట్టి ఉంచడం దాని పని. మొదటిదాన్ని ధిక్కరించడం నాయకుడి ధర్మం. రెండోదానికి జవాబు చెప్పడం కూడా నాయకుడి ధర్మమే.

‘స్వీయ చరిత్రము’లో నేను చూసే ప్రధానమైన లోపం ఇక్కడే ఉంది. ఈ రెండు చూపుల్నీ వీరేశలింగం వేరుచెయ్యడు. కుల పెద్దల దుష్ప్రచారానికీ, సహచరుల అభిప్రాయభేదానికీ ఒకే గొంతుతో జవాబిస్తాడు. పుస్తకం చాలాచోట్ల కోర్టులో ఇచ్చిన వాంగ్మూలంలా నడుస్తుంది. తేదీలు, ఉత్తరాలు, ఎవరు ఏమన్నారు, తానేమన్నాడు అన్న వరస. సత్యం పట్ల ఆయనకున్న నిష్ఠకు అది గుర్తే. కాని వాంగ్మూలం ఇచ్చే మనిషికి ఎదుటివాళ్లందరూ ఒక్కలాగే ప్రతిపక్ష వకీళ్లుగా కనిపిస్తారు. ఇన్నేళ్లు నిఘా కింద బతికినవాడికి విచారణ కూడా నిఘాలాగే తోచడం సహజం. కులం ఆయనకు చేసిన అసలైన హాని ఇదేనని నా అభిప్రాయం. వంటవాళ్లను మాన్పించినందువల్ల ఆయన ఆగలేదు. మిత్రుడి ప్రశ్నలో మిత్రుణ్ణి గుర్తుపట్టడం మాత్రం ఆయనకు కష్టమైపోయింది. నాయకుడు పూర్తిగా ఒంటరివాడయ్యేది శత్రువులు చుట్టుముట్టినప్పుడు కాదు, మిత్రుల ప్రశ్న వినిపించనప్పుడు.

ఈనాటి కొలమానంతో నిన్నటి మనిషిని కొలుస్తున్నావని ఎవరైనా అనవచ్చు. కాదు. ఈ కొలమానం ఆ రోజులదే. దాన్ని తయారుచేసినవాడు గురజాడ అప్పారావు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. 1909లో తిరగరాసిన రూపం వచ్చింది. అంటే ‘స్వీయ చరిత్రము’ మొదటి భాగం కంటే రెండేళ్లు ముందే సంస్కర్తను విచారించే నాటకం మన చేతికొచ్చింది. అందులో గిరీశం ఉన్నాడు. సంస్కరణ భాష మొత్తం వాడి నాలుక మీద ఉంది, ఒక్క ముక్క వాడి బతుకులో లేదు. వితంతు వివాహం మీద లెక్చర్లివ్వగలడు, ఆ లెక్చరుతోనే బుచ్చమ్మను లేవదీసుకుపోగలడు. విచారణ లేని ఉద్యమంలో మొదట మొలిచేది గిరీశాలే. నాయకుడి మాటల్ని అనుకరించడం తేలిక. ఆయన పడ్డ వెలిని అనుకరించడానికి మాత్రం ఎవడూ ముందుకు రాడు.

గిరీశాన్ని పట్టుకోవడం గురజాడకు తేలికైన పనే. ఆయన ప్రతిభ తెలిసేది సౌజన్యారావు పంతులు దగ్గర. ఈయన కపటి కాడు. నిజాయితీపరుడు, దయాళువు, భోగంమేళాల వ్యతిరేకోద్యమంలో నమ్మకంగా ఉన్నవాడు. అట్లాంటి మంచి నాయకుణ్ణి విచారించడానికి గురజాడ ఎవరిని పంపాడు? శాస్త్రిని కాదు, మేజిస్ట్రేటును కాదు, మధురవాణిని పంపాడు. ఆయన ఉద్యమం ఎవరి ముఖం చూడరాదని శాసించిందో ఆ మనిషినే, మగవేషం వేసి, ఆయన గదిలోకి పంపాడు. లుబ్ధావధాన్లును కాపాడే రహస్యం ఆమె దగ్గరుంది. దానికామె కోరిన వెల ఒక ముద్దు. ఆయన నియమం ఒకవైపు, నిరపరాధి ప్రాణం ఒకవైపు. ఆయన తడబడి, చివరికి నియమం వదులుకోవడానికి సిద్ధపడతాడు. అప్పుడామె ఆగిపోతుంది. చెడనివాణ్ణి చెడగొట్టదు. ఈ ఘట్టాన్ని చాలామంది మధురవాణి ఔదార్యంగా మాత్రమే వ్యాఖ్యానించారు. నాకది విచారణ స్వరూపం మొత్తం చెప్పే ఘట్టంగా కనిపిస్తుంది. ఆమె ఆయన పరువు తియ్యడానికి రాలేదు, నిఘా వెయ్యలేదు. ఆయన నమ్మిన నియమం ఎవరిని మనుషుల లెక్కలోంచి తీసేసిందో ఆయనకే చూపించింది. గిరీశం నిజరూపమూ ఆయనకు ఆమె వల్లనే తెలిసింది. సంస్కర్తకు కళ్లు తెరిపించినది సంస్కరణ వెలివేసిన మనిషి. అడుగునున్నవాళ్లు అడిగే ప్రశ్నకే ఆ శక్తి ఉంటుంది.

తర్వాతి నవలా సాహిత్యం నాయకుడి ఒంటరితనాన్ని చాలావరకు పరిష్కరించింది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922)లో సంగదాసు ఒంటరివాడు కాడు. అతను హత్యకు గురైనా అతని వెనక పల్లె ఉంది, అతని పేర పీఠం వెలుస్తుంది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955)లో కంఠీరవం ఇంటికి దూరమైన కొద్దీ జనానికి దగ్గరవుతాడు. నవల పేరే ఒక సిద్ధాంతం. నాయకుణ్ణి శిఖరం మీదనుంచి దించి ఊరి మధ్యలో నిలబెట్టిన ఘనత ఈ నవలలది. వీరేశలింగానికి లేని పునాది ఈ పాత్రలకు దొరికింది. రచయితల ఊహ ఒక్కటే దీనికి కారణం కాదు. ఆ పునాదిని చరిత్రలో రైతాంగమూ, దళితులూ వేశారు.

కాని ఇక్కడ ఒకటి పోగొట్టుకున్నాం. వెలిని తొలగించే తొందరలో విచారణను కూడా తొలగించాం. ఆ తర్వాత మనలో చాలామంది రాసిన కథల్లో, నవలల్లో నాయకుడు ఊళ్లోకి వస్తాడు, మాట్లాడతాడు, జనం తలలూపుతారు. అడిగేవాడుంటే వాడు దొర మనిషో, పోలీసు ఇన్‌ఫార్మరో అయి ఉంటాడు. ఒక్క ముసలమ్మ లేచి, “నాయనా, పోయినేడు నీ మాట విని సమ్మె చేశాం, మా పిల్ల చదువు ఆగిపోయింది, దానికేం చేద్దాం?” అని అడగదు. అడిగితే ఆ పాత్ర స్థాయి తగ్గిపోతుందని రచయిత భయం. నిజానికి పెరుగుతుంది. జవాబు వెతుక్కోవలసి వచ్చిన నాయకుడే పాఠకుడికి మనిషిగా కనిపిస్తాడు. మధురవాణి లేకపోతే సౌజన్యారావు పంతులు కూడా గోడకు వేలాడే పటమే అయ్యేవాడు.

చేతిలో కెమెరా ఫోను లేని మనిషి అరుదైన ఈ రోజుల్లో నాయకుడి మీద చూపు వెయ్యింతలు పెరిగిందంటారు. పెరిగింది నిఘా. ఏం తిన్నాడు, ఎవరి పక్కన నిలబడ్డాడు, ఏ మాట తప్పు పలికాడు అన్నది క్షణంలో ఊరంతా పాకుతుంది. చెప్పింది చేశాడా అన్న ప్రశ్న మాత్రం అప్పటిలాగే నిదానంగా నడుస్తోంది. ఈ గందరగోళంలో నాయకులకు ఒక సౌకర్యం ఏర్పడింది. నిఘాను చూపించి విచారణను తప్పించుకోవడం. ‘నా మీద కుట్ర’ అన్న ఒక్క మాటతో రెండింటినీ తోసెయ్యడం. పుస్తకాల్లో ఈ తేడా గుర్తుపట్టడం అలవాటైన పాఠకుడు బయట కూడా గుర్తుపడతాడు. సాహిత్య విమర్శకు ఇంతకంటే పెద్ద సామాజిక ప్రయోజనం నేను కోరను.

కనక నాయకుణ్ణి గురించి రాసే యువ రచయితలకూ, అట్లాంటి రచనల్ని పాఠంగా చదువుకునే విద్యార్థులకూ నేను చెప్పేది ఇంతే. పాత్ర ఎంత ఎత్తున ఉందో కొలవడం మానండి. అతన్ని ఒంటరిని చేసిన చేతులు కథలో కనిపిస్తున్నాయా? ఆ ఒంటరితనం కూలి పనిగా, వంట పనిగా ఎవరికి పంచబడిందో కనిపిస్తోందా? అతన్ని ప్రేమించేవాళ్లలో ఒక్కరైనా అతన్ని అడిగారా? ఈ మూడు ప్రశ్నలకూ తావిచ్చిన రచన నాయకుణ్ణి చిన్నబుచ్చదు. వీరేశలింగానికి జయంతి సభలు చాలానే జరిగాయి, ఇంకా జరుగుతాయి. ఆ సభల్లో ఒక్కసారైనా రెండు బిందెల ప్రశ్న వేసుకుంటే, ఆయన తన పత్రికలో మనకు నేర్పిన పనినే మనం చేసినవాళ్లమవుతాం.